కాఫీకి అంత ఖరీదెందుకు?

"కాఫీ తగ్గించండి" అని చెప్పే డాక్టరు మీద మీకెంత కోపం వస్తుందో నాకు తెలుసు. నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళుగా ఆ మాట చెబుతూ ఆ కోపాన్ని రుచి చూస్తున్నవాణ్ణి. ఎదురుగా కూర్చున్న మనిషి బుద్ధిగా తల ఊపుతాడు. మందుల చీటీ జేబులో పెట్టుకుంటాడు. తిన్నగా హోటలుకు వెళ్ళి ఒక స్ట్రాంగు కాఫీ చెబుతాడు. అతణ్ణి తప్పు పట్టే హక్కు నాకు లేదు. అతను గుమ్మం దాటగానే నేనూ లోపలికి కేక వేసి కాఫీ తెప్పించుకునేవాణ్ణి కదా! రోజుకు ఆరు కప్పులు. కప్పుకు రెండేసి చెంచాల పంచదార.

రెండేళ్ళ క్రితం ఒకరోజు, ఎందుకో బుద్ధి పుట్టి, నా రక్తం నేనే పరీక్షకు ఇచ్చాను. పరగడుపున షుగరు 118 వచ్చింది. అది వంద లోపల ఉండాలి. 126కు చేరితే మధుమేహం అంటాం. ఈ రెంటికీ మధ్య ఉన్నవాడు చెరువుగట్టు మీద నిలబడ్డవాడన్నమాట. వెనక్కి రావచ్చు, జారనూ వచ్చు. మా నాన్నగారు జారిన మనిషే. గురజాలలో మాకు ఆయన నడక నేర్పిన కాలికి, అరవై రెండో ఏట రెండు వేళ్ళు తీసెయ్యవలసి వచ్చింది. అంచేత ఆ కాగితం చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారి లెక్క వేశాను. మీరూ మీ ఇంట్లో వేసి చూడండి. చెంచాకు అయిదు గ్రాముల చొప్పున పన్నెండు చెంచాలంటే రోజుకు అరవై గ్రాముల పంచదార. నెలకు దాదాపు రెండు కిలోలు. అదీ కాఫీలో మాత్రమే, నా ఒక్కడి నోట్లోకే. పైనుంచి వేసుకునే తీపి రోజుకు పాతిక గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతోంది. అంటే ఇంతకాలం నేను కాఫీ తాగలేదు. కాఫీ రంగు వేసిన పంచదారపాకం తాగాను.

పంచదార మానేద్దామని చూశాను. మా ఇంట్లో అప్పటిదాకా వాడుతున్న పొడితో అది సాధ్యం కాలేదు. చేదు, మాడువాసన. నాలుగు గుక్కలు మింగి పక్కన పెట్టేశాను. అప్పుడే విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు సెలవులకు వచ్చి, ఒక చిన్న పొట్లం నా చేతిలో పెట్టాడు. "అరకు కాఫీ మావయ్యా. చికోరీ లేదు. చక్కెర వెయ్యకుండా తాగి చూడు" అన్నాడు. మా ఆవిడ పొట్లం తిప్పి ధర చూసింది. "పావుకిలో ఆరొందలేమిట్రా! గింజలకు బంగారం పూత పూశారా?" అంది. మా వీధి కొట్లో మేము కొనే పొడికి అది మూడింతల ధర.

నిజం చెప్పాలి కదా, మొదటి మూడు రోజులూ నాకది నచ్చలేదు. పల్చగా, కాస్త పుల్లగా, ఇది కాఫీయేనా అనిపించింది. పంచదార ఒక్కసారిగా మానకుండా రెండు చెంచాలను ఒకటిన్నర, ఒకటి, అర అని వారానికింత తగ్గించుకుంటూ వచ్చాను. నెల తిరిగేసరికి ఒక విచిత్రం జరిగింది. ఆ కాఫీలో తీపి తెలియడం మొదలుపెట్టింది. పంచదార తీపి కాదు, పండులోని తీపి లాంటిది. బెల్లం వాసన, నారింజతొక్క వాసన కూడా తగిలాయి. నాలుక అలవాటుకు బానిసే గాని, నాలుగు వారాలు ఓపిక పడితే కొత్త అలవాటు నేర్చుకుంటుంది. ఉప్పు తగ్గించమని బి.పి. రోగులకు నేను చెప్పే మాటే ఇది. నా విషయంలో ఇన్నాళ్ళకు వాడాను.

మరి ఆ ఆరువందల సంగతేమిటి? అది తేల్చుకోవాలనే కిందటి జనవరిలో మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని అరకు వెళ్ళాను.

మన పల్నాడులో కాఫీ పండదు. మేలురకం కాఫీ చెట్టుకు పదిహేను నుంచి పాతిక డిగ్రీల చల్లదనం కావాలి. మాచర్లలో మే నెల ఎండకు అది ఒక్కరోజు బతకదు. తెలుగుదేశంలో దానికి కుదిరిన చోటు తూర్పు కనుమలే. 1898లోనే తూర్పుగోదావరి మన్యంలో, పాములేరు లోయలో కాఫీ మొక్క నాటారు. తరవాత అరకు, పాడేరు కొండలకు పాకింది. ఇవి ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోవి. సముద్రమట్టానికి మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తున, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు పాకించిన మిరియపు తీగల పక్కన ఆదివాసీ రైతులు పెంచుతున్నారు. చాలామందికి ఉన్నది ఎకరమో, రెండెకరాలో. ఎత్తు వల్ల, నీడ వల్ల కాయ నెమ్మదిగా పండుతుంది. అలా పండిన గింజకు రుచి ఎక్కువ.

మిరప కోత ఎలా ఉంటుందో పల్నాడు పాఠకులకు నేను చెప్పనక్కర లేదు. చేనంతా ఒక్కసారి పండదు. మూడు నాలుగు కోతలు కోయాలి. కల్లంలో ఆరబోయాలి. తాలుకాయ ఏరి వేరుగా పెట్టాలి. తాలుకూ, మేలురకం ఎర్రకాయకూ యార్డులో ధర ఎంత తేడా వస్తుందో మీకు తెలుసు. కాఫీదీ అచ్చం అదే కథ, కాకపోతే ఇంకా కష్టమైన కథ. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు పక్కపక్కనే ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చి ఎర్రనివే కోయాలి. నేనూ సరదాపడి నాలుగు పళ్ళు తెంపి బుట్టలో వేశాను. పక్కన కోస్తున్న పెద్దావిడ అందులో రెండు తీసి అవతల పారేసింది. "ఇవి దోరవి బాబూ. వచ్చేవారం పండుతాయి" అంది. నా కంటికవి ఎర్రగానే కనిపించాయి మరి!

ధర చవకగా ఉండాలంటే ఏం చేస్తారో తెలుసా? కొమ్మకొమ్మంతా ఒక్క చేత్తో దూస్తారు. పచ్చిదీ, పండినదీ, ఎండినదీ కలిసి పోతాయి. పచ్చికాయ గింజ వగరుగా ఉంటుంది. ఆ వగరు తెలియకుండా నల్లగా మాడేదాకా వేయిస్తారు. మాడు చేదును మనం పంచదారతో కప్పుతాం. ఇదీ వరస. నా 118 ఎక్కడ మొదలైందో నాకు ఆ చెట్టు కింద అర్థమైంది.

పండు కోశాక అసలు పని మొదలవుతుంది. ఆ రోజుకారోజే పైతొక్క తీసెయ్యాలి. గింజకు అంటిన జిగురును తొట్టిలో పులియబెట్టి, శుభ్రంగా కడగాలి. నేలకు తగలకుండా ఎత్తైన వలల మీద పల్చగా పరిచి, మాటిమాటికీ తిరగదోస్తూ ఆరబెట్టాలి. తేమ పది పదకొండు శాతానికి దిగాలి. తేమ ఉండగా బస్తాకెత్తితే బూజు పడుతుంది. మిరపకాయలకు ఆ గతి పట్టినప్పుడు మనం పడే బాధ అక్కడివాళ్ళూ పడతారు. ఆ తరవాత పురుగు తొలిచినవి, నల్లబడ్డవి, విరిగినవి చేత్తో ఏరాలి. చివరకు రుచి చూసేవాళ్ళు కూర్చుని నూటికి ఇన్ని అని మార్కులు వేస్తారు. ఎనభై, ఆపైన వస్తేనే అది మేలురకం లెక్క.

తూకం చూడండి. ఆరు కిలోల పండుకు ఒక కిలో గింజ వస్తుంది. వేయించేసరికి అందులో మళ్ళీ ఆరోవంతు దాకా తరుగు పోతుంది. మా ఆవిడ చేతిలోని పావుకిలో పొట్లం వెనక రెండు కిలోలకు కాస్త తక్కువ పండు ఉంది. ఒక్కొక్కటీ చూసి కోసిన పండు. పైగా అక్కడ పండేది అరాబికా రకం. రొబస్టా అని ఇంకొకటుంది. అది మొండిది, దిగువ ప్రాంతాల్లోనూ కాస్తుంది, కాపూ ఎక్కువే, కెఫీనూ దాదాపు రెట్టింపు. అరాబికా సుకుమారి. ఆకుతెగులు, కాండం తొలిచే పురుగు దానికి పాత శత్రువులు. 2025లో కాయ తొలిచే పురుగు కూడా అరకులో కనిపించి, పురుగు పడ్డ కాయల్ని రాల్చి నాశనం చేయవలసి వచ్చింది. ఆ నష్టాలన్నీ కూడా మనం ఇచ్చే ధరలో ఉంటాయి.

"సింగిల్ ఒరిజిన్" అని పొట్లం మీద ఇంగ్లీషులో వేస్తున్నారు. ఏమీ లేదు, ఒకే చోట పండిన గింజ, ఇంకోచోటి గింజ కలపలేదు అని దాని అర్థం. అయిదు ఊళ్ళ బియ్యం కలిపి వండితే ఏ ఊరి బియ్యం బాగాలేదో కనిపెట్టలేం. ఒక్క ఊరివే వండితే తప్పు దాచడానికి వీల్లేదు. మన గుంటూరు సన్నం మిర్చికి ఉన్నట్టే 2019లో అరకు లోయ అరాబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లో ప్యారిస్ నగరంలో ఈ కాఫీకి ఒక దుకాణం కూడా తెరిచారు. ప్యారిస్ సంగతి మనకెందుకు గాని, కొండ మీది రైతుకు ఒకప్పుడు దళారీ చెప్పిందే ధరగా ఉన్నది పోయి, గిరిజన సహకార సంస్థ, కొన్ని సేవాసంస్థలు పోటీపడి కొనే రోజులు రావడం మాత్రం పట్టించుకోవలసిన సంగతే.

అలాగని ఖరీదైనదల్లా మంచిదనుకోకండి. నేను చూసిన పొట్లాల్లో కొన్నిటికి ధరలో సగం అట్టపెట్టెకే అనిపించింది. పునుగుపిల్లి తిని విసర్జించిన గింజల కాఫీ అంటూ వేలకు వేలు పెట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. పునుగుపిల్లి మాటెత్తగానే తిరుమల వెంకన్న గుర్తొచ్చి చేతులు జోడించవచ్చు గాని, ఆ కాఫీకి మాత్రం డబ్బు తగలెయ్యకండి. కొనేటప్పుడు మూడు చూడండి: ఎక్కడ పండింది, ఎప్పుడు వేయించింది, అందులో కాఫీ ఎంత. వేయించి నెల, నెలన్నర దాటితే వాసన పోతుంది. ఒకేసారి కిలో కొనడం దండగ.

మూడోది ముఖ్యం. చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని మన ఆహారభద్రతా చట్టం చెబుతోంది. ఎంత కాఫీ, ఎంత చికోరీ అన్నది పొట్లం మీద ముద్రించాలి. చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. 53 కాఫీ, 47 చికోరీ అని చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. కాఫీ అనుకుని కొన్నదాంట్లో సగం ఒక వేరు పొడి! చికోరీ విషమేమీ కాదు. అందులో కెఫీన్ లేదు. చిక్కదనం, నలుపు, చేదు ఇస్తుంది, చవక. ఆ రుచే ఇష్టమైతే తాగండి, నాకేం అభ్యంతరం లేదు. ఏం తాగుతున్నారో తెలిసి తాగండి.

విడిగా కొన్న పొడి మీద అనుమానం ఉంటే ఒక పని చెయ్యండి. గాజు గ్లాసులో చల్లని నీళ్ళు తీసుకుని పైన చిటికెడు పొడి చల్లండి, కలపకండి. కాఫీపొడి కాసేపు తేలుతుంది. చికోరీ కొద్ది నిమిషాల్లోనే గోధుమరంగు తీగలు సాగదీస్తూ అడుక్కి దిగుతుంది. పిల్లలు కూడా సరదాగా చూస్తారు.

ఇక ఆరోగ్యం సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సలహాల్లో కాఫీ, టీల గురించి ప్రత్యేకంగా చెప్పింది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65. రోజు మొత్తానికి 300 దాటవద్దంటోంది. అంటే మంచి డికాక్షన్ కాఫీ రెండు, మహా అయితే మూడు కప్పులు. గర్భిణులు 200 లోపలే ఆగాలి. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి కాఫీ తాగి రాత్రి పదకొండింటికి నిద్రమాత్ర అడిగేవాళ్ళు నా దగ్గరికి వారానికి ఇద్దరైనా వస్తారు. వాళ్ళకు నేను మాత్ర రాయను, గడియారం చూపిస్తాను.

పొగలు కక్కే కాఫీ గొంతులో పోసుకోవడం గొప్పగా చెప్పుకునేవాళ్ళకు ఒక మాట. కాఫీకీ క్యాన్సరుకూ సంబంధం ఉందన్న పాత అనుమానాన్ని ప్రపంచ ఆరోగ్యసంస్థ వారి క్యాన్సరు పరిశోధన విభాగం 2016లో వెనక్కి తీసుకుంది. అదే సమయంలో, 65 డిగ్రీలు దాటిన వేడితో ఏ పానీయం తాగినా అన్నవాహికకు ముప్పు ఉండవచ్చని చెప్పింది. మన పెద్దలు గ్లాసులోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి గ్లాసులోకి తిరగబోసేది నురగ కోసమే కాదన్నమాట. కొలెస్టరాల్ ఎక్కువున్నవాళ్ళు పొడిని నీళ్ళలో వేసి మరగబెట్టే పద్ధతి మానాలి. కాఫీలోని ఒక నూనెపదార్థం దానివల్ల ఒంట్లోకి వెళ్ళి కొలెస్టరాల్ పెంచుతుంది. కాగితపు ఫిల్టరు దాన్ని చాలావరకు ఆపుతుంది. స్టీలు ఫిల్టరు అంతగా ఆపదు. పుల్లటి తేన్పులు, గుండెల్లో మంట ఉన్నవాళ్ళు ఎంత ఖరీదు కాఫీ అయినా పరగడుపున తాగవద్దు.

ఒక సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెబుతాను. మాచర్ల వైపు నుంచి ఒకమ్మాయి, బడిపంతులమ్మ, రక్తం తక్కువై నా దగ్గరికి వచ్చేది. హిమోగ్లోబిన్ 8.2. ఐరన్ మాత్రలు రాశాను. నాలుగు నెలలు మింగింది, అంకె కదల్లేదు. మాత్ర మార్చాను, మోతాదు పెంచాను, పురుగుల మందు ఇచ్చాను. ఒకరోజు ఆమె అత్తగారు మాటల్లో "మా కోడలు మీ మాత్ర ఒక్కరోజూ మానదండీ, పొద్దున్నే కాఫీతో వేసుకుంటుంది" అంది. ఆ ప్రశ్న మొదటిరోజే నేను అడగవలసింది. కాఫీలోని పదార్థాలు ఇనుమును పట్టుకుని ఒంటికి అందనివ్వవు. అన్నంతో తాగినా, టిఫిను మీద తాగినా అంతే. తిండికి గంట ముందు, గంట తరవాత కాఫీ, టీ వద్దని పోషకాహార సంస్థ చెప్పేది అందుకే. మాత్రను పదకొండింటికి మార్చి, నిమ్మరసంతో వేసుకోమన్నాను. మూడు నెలలకు 10.6 అయింది. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తం తక్కువే. ఇడ్లీ తిన్న చేత్తోనే కాఫీ గ్లాసు అందుకునే ఇళ్ళు మనవి. మీ ఇంట్లో ఐరన్ మాత్ర ఎవరు ఏ వేళకు వేసుకుంటున్నారో ఇవాళే అడగండి.

డబ్బు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే మా ఆవిడ ఒప్పుకోదు. కప్పుకు పన్నెండు గ్రాముల పొడి వేస్తే పావుకిలోకు ఇరవై కప్పులు. కప్పు ముప్ఫై రూపాయలు. ఇప్పుడు నేను తాగేది రెండే, పొద్దున ఏడింటికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి. రోజుకు అరవై. వెనక ఆరు కప్పుల పొడికి, పాలకు, పంచదారకు అయ్యేది దీనికి తక్కువేమీ కాదు. నాలుగు కప్పులు మానగలిగానంటే అది నా నిగ్రహం కాదు. ఒక మంచి కప్పు తాగాక ఇంకోటి కావాలనిపించదు, అంతే.

కాచడంలో పెద్ద కిటుకు లేదు. నీళ్ళు తెర్లిన తరవాత ఒక నిమిషం ఆగి ఫిల్టరులో పొయ్యండి. పొడిని గట్టిగా అదమకండి. దిగిన డికాక్షన్‌ను మళ్ళీ పొయ్యి మీద పెట్టకండి. పాలు సగం కన్నా తక్కువ పొయ్యండి, వీలైతే ఒక్కసారి పాలు లేకుండా రుచి చూడండి.

ఆరు నెలల తరవాత నా షుగరు 104. ఇది అరకు మహిమ అని రాయను. పంచదార మానాను, రోజూ సాయంత్రం మూడు మైళ్ళు నడుస్తున్నాను, రాత్రి అన్నం సగానికి తగ్గించాను. కాఫీ తాగేవాళ్ళలో మధుమేహం కాస్త తక్కువని అనేక దేశాల పరిశీలనల్లో తేలిన మాట నిజమే గాని, ఆ ధైర్యంతో తీపికాఫీ తాగితే ఏమవుతుందో నా పాతకాగితం చూస్తే తెలుస్తుంది. దాన్ని పారెయ్యలేదు. బల్ల అద్దం కింద పెట్టుకున్నాను. చూసినవాళ్ళు అడిగితే చెబుతాను.

మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకు వీధి కొట్టు పొడే కలుపుతుంది. అరకు డబ్బా మాత్రం పప్పుల డబ్బాల వెనక దాస్తుంది. పోయిన ఆదివారం మేనల్లుడు ఫోను చేస్తే, నాకంటే ముందు తనే అందుకుని, "వచ్చేటప్పుడు రెండు పొట్లాలు పట్రారా, ఒకటి నాకు" అంది.